కాపలా సరుకులు: ప్రపంచ చరిత్రలో మరుగున పడిన గుత్తాధిపత్యాలు

ఒకే చోట పండే సరుకును, లేదా ఒకే యజమానికి అమ్ముకునే హక్కున్న సరుకును, పరాయి చేతికి చిక్కకుండా రాజ్యమో కంపెనీయో బలగం పెట్టి కాసిన ఉదంతాలు ప్రపంచ చరిత్రలో కొల్లలు. పట్టు, పింగాణీ, సుగంధ ద్రవ్యాలు, అద్దకపు రంగులు, జ్వరం మందు, ఎరువు, చివరికి ఉప్పు కూడా ఈ కోవలోకి వస్తాయి. పాఠ్యపుస్తకాల్లో వీటికి దక్కే చోటు తక్కువ. రాజుల కథ కావ్యాలకూ శాసనాలకూ ఎక్కింది. వీటి కథ సుంకం లెక్కల్లో, ఓడ సరుకు పట్టీల్లో, కౌలు పత్రాల్లో ఉండిపోయింది. ఆ కాగితాలు తిరగేస్తే ప్రతిచోటా ఒకే సంగతి బయటపడుతుంది. కాపలా లాభం కాసినవాడికి చేరింది, కాపలా ఖర్చు మాత్రం ఆ సరుకుతో వ్యాపారం చేయని మూడోవాడి నెత్తిన పడింది.

పాత ఉదాహరణలు కొన్ని అందరికీ తెలిసినవే. చైనా పట్టు రహస్యం 6వ శతాబ్దం మధ్యలో బైజాంటియం చక్రవర్తి జస్టీనియన్ కాలంలో సన్యాసుల ద్వారా పురుగు గుడ్ల రూపంలో పడమటికి చేరిందని ఆనాటి చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. వెనిస్ పాలకులు 1291లో గాజు కొలుములన్నిటినీ మురానో ద్వీపానికి తరలించారు. అగ్నిప్రమాదాల భయం పైకి చెప్పిన కారణం. పనివాళ్లు ఊరు దాటి పోకుండా చూసుకోవడం కూడా దాంతో తేలికైంది. సాక్సనీ పాలకుడు అగస్టస్ బంగారం చేసిపెడతానన్న బోట్గర్ అనే యువకుణ్ణి బంధించి ఉంచాడు. బంగారం రాలేదు గాని చైనావాళ్లకే తెలిసిన గట్టి పింగాణీ తయారీ చేతికి వచ్చింది. 1710లో మైసెన్ కార్ఖానా వెలిసింది. ఈ మూడింటికన్నా తక్కువ తెలిసినవీ, ఎక్కువమంది బతుకుల్ని తాకినవీ మరికొన్ని ఉన్నాయి. ఈ వ్యాసం ప్రధానంగా వాటి గురించి.

జాజికాయ: బందా దీవులు

నేటి ఇండోనేషియా తూర్పు కొసన, బందా సముద్రంలో ఉన్న చిన్న అగ్నిపర్వత ద్వీపాల గుంపు బందా. 18వ శతాబ్దం చివరిదాకా ప్రపంచానికి జాజికాయ, జాపత్రి వచ్చింది దాదాపు పూర్తిగా ఇక్కడినుంచే. రెండూ ఒకే పండులోవి. నేరేడు కన్నా పెద్దగా, పసుపు రంగులో ఉండే ఆ పండు మాగితే దానంతటదే పగులుతుంది. లోపల నల్లటి పెంకు, దాని చుట్టూ ఎర్రటి వలలా అల్లుకున్న పొర కనిపిస్తాయి. ఆ పొరే ఎండితే జాపత్రి, పెంకులోని గింజ జాజికాయ. బందా మనుషులకు తిండిగింజలు పండవు. బియ్యం, సగ్గుబియ్యం, బట్ట అన్నీ బయటినుంచి రావాలి. కాబట్టి వాళ్లు శతాబ్దాల తరబడి జావా, మలయా, అరబ్బు, గుజరాతీ వర్తకులతో ఇచ్చిపుచ్చుకున్నారు. వాళ్లకు రాజు లేడు. ‘ఒరాంగ్ కాయా’ అనే ఊరిపెద్దలు బేరాలు కుదిర్చేవారు.

1512లో పోర్చుగీసువారు, అంటే మన బుడతకీచులు, వచ్చారు. తర్వాత డచ్చివారు వచ్చారు. ఈ దీవుల్లో యూరప్ ఉన్నిబట్టలకు గిరాకీ లేదు, కోరమాండల్ తీరపు నూలుబట్టలకు ఉంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1606లో గోల్కొండ రాజ్యంలోని పెటపోలి (నేటి నిజాంపట్నం), మచిలీపట్నం (బందరు)లలో కొఠీలు తెరవడానికి ముఖ్య కారణం ఇదే. ఆంధ్ర తీరపు సాలెలు నేసిన బట్ట, అద్దకం బట్ట ఓడలెక్కి తూర్పు దీవులకు వెళ్లి, సుగంధ ద్రవ్యాలు కొనే నాణెంలా చెల్లేవి. ఆమ్‌స్టర్‌డాంలో జాజికాయ కొన్నవాడికి బందరు పేరు తెలిసి ఉండకపోవచ్చు. ఆ బేరం మాత్రం బందరు లేకుండా సాగేది కాదు.

డచ్చివారు కోరింది వ్యాపారం కాదు, గుత్త. ఇంకెవ్వరికీ అమ్మబోమని ఊరిపెద్దల చేత ఒప్పందాలు రాయించుకున్నారు. బియ్యం తెచ్చే జావా ఓడను వెనక్కి పంపితే తినేదేమిటి? బందావాళ్లు పాత ఖాతాదారులకు, కొత్తగా వచ్చిన ఇంగ్లీషువారికి అమ్ముతూనే ఉన్నారు. 1609లో డచ్చి నౌకాధిపతి వెర్హోవెన్‌ను మాటలకని పిలిచి చంపేశారు. ఆ దండులో చిన్న ఉద్యోగిగా ఉన్న యాన్ పీటర్‌జూన్ కూన్ దాన్ని మరిచిపోలేదు. పన్నెండేళ్ల తర్వాత గవర్నర్ జనరల్ హోదాలో పెద్ద నౌకాదళంతో తిరిగి వచ్చాడు. 1621 మే నెలలో 44 మంది ఊరిపెద్దలను వెదురు దడిలో నిలబెట్టి, కూలికి తెచ్చుకున్న జపాను కత్తివీరుల చేత నరికించాడు. దీవుల జనాభా అంతకుముందు 15 వేల దాకా ఉండేదని అంచనా. యుద్ధం, ఆకలి, బానిసలుగా తరలింపు అన్నీ ముగిసేసరికి మిగిలింది వెయ్యి మంది. వందల మందిని జావాలోని బటావియాకు తోలుకుపోయారు. ఖాళీ అయిన భూమిని ‘పెర్క్’ అనే తోటలుగా కోసి డచ్చి కౌలుదారులకు పంచారు. పనికి బానిసలను ఓడల్లో దించారు. కంపెనీ యజమానులు కూన్‌ను కొద్దిగా మందలించారు. జాజికాయ మాత్రం వద్దనలేదు.

ఈ గుంపులో పడమటి కొసన ఉన్న రన్ అనే దీవి మూడు కిలోమీటర్ల పొడవు, ఒక కిలోమీటరుకు తక్కువ వెడల్పు. 1616 చివర్లో నథానియల్ కోర్టోప్ అనే ఇంగ్లీషు కెప్టెన్ రెండు ఓడలతో అక్కడ దిగి, దీవి ప్రజలతో ఒప్పందం చేసుకుని, డచ్చి దిగ్బంధాన్ని దాదాపు నాలుగేళ్లు తట్టుకున్నాడు. 1620లో చనిపోయాడు. ఆ తర్వాత కూడా ఇంగ్లండు రన్ మీద హక్కు వదులుకోలేదు. 1667 జూలై 31న బ్రెడా సంధి కుదిరేదాకా ఆ వ్యాజ్యం నడిచింది. ‘ఇంగ్లీషువారు రన్ ఇచ్చి మన్‌హటన్ పుచ్చుకున్నారు’ అని ఇప్పుడు అందరూ చెప్పుకునే కథ ఇక్కడిదే. కథ బాగుంది గాని కొంచెం సరిదిద్దాలి. సంధిలో మార్పిడి అంటూ లేదు. ఎవరి చేతిలో ఉన్నది వారికే అన్న సూత్రం ఉంది. ఇంగ్లీషువారు 1664లోనే పట్టుకున్న న్యూ ఆమ్‌స్టర్‌డాం (అంటే న్యూయార్కు) వాళ్లకు ఉండిపోయింది. రన్, దక్షిణ అమెరికాలోని సూరినామ్ డచ్చివారికి ఉండిపోయాయి. అప్పటి లెక్కలో డచ్చివారు మోసపోలేదు. చక్కెర తోటల సూరినామ్, జాజి తోటల రన్ చేతిలో ఉండగా, తోళ్ల వ్యాపారంతో బతికే రేవు ఊరు పోయిందని ఏడ్చేవాడు ఎవడు?

తర్వాత కాపలా మరింత ముదిరింది. గింజ మొలకెత్తకుండా సున్నపు నీళ్లలో ముంచి అమ్మేవారు. ధర పడిపోకుండా మిగులు సరుకును తగలబెట్టేవారు. అయినా 1770 ప్రాంతంలో ఫ్రెంచి అధికారి పియర్ ప్వావ్ర మనుషులు మొక్కల్ని మారిషస్ చేర్చారు. నెపోలియన్ యుద్ధాల కాలంలో బందాను పట్టుకున్న ఇంగ్లీషువారు పెనాంగ్ తదితర చోట్లకు మొక్కల్ని మోసుకుపోయారు. 1843లో కరీబియన్ సముద్రంలోని గ్రెనడాకు జాజి చేరింది. ఇప్పుడు ఆ దేశపు జెండా మీదే జాజికాయ బొమ్మ ఉంది.

కొచినీల్: పురుగు రంగు, నాగజెముడు

మెక్సికోలోని ఓహాకా ప్రాంతంలో నాగజెముడు మట్టల మీద తెల్లటి బూజులా కనిపించే పురుగును నలిపితే చిక్కటి ఎరుపు వస్తుంది. తొలకరికి మన చేలల్లో తిరిగే ఆరుద్ర పురుగు వేరు, ఇది వేరు. దీన్ని కొచినీల్ అంటారు. ఒక పౌను రంగుకు సుమారు 70 వేల ఎండు పురుగులు కావాలి. స్పెయిన్ సామ్రాజ్యం మెక్సికో నుంచి ఎగుమతి చేసిన సరుకుల్లో వెండి తర్వాతి స్థానం దీనిదే. ఎండిన పురుగు చూడ్డానికి గింజలా ఉంటుంది. ఇది మొక్కో జంతువో స్పెయిన్ బయటపెట్టలేదు. యూరప్ పండితులు లేవెన్‌హూక్ సూక్ష్మదర్శిని వచ్చేదాకా, ఆ తర్వాత కూడా కొంతకాలం, వాదించుకున్నారు. 1777లో తియెరీ ద మెనోన్‌విల్ అనే ఫ్రెంచివాడు మూలికల వైద్యుడి వేషంలో ఓహాకా వెళ్లి, పురుగులున్న మట్టల్ని పెట్టెల్లో దాచి హైతీ ద్వీపానికి తెచ్చాడు. మూడేళ్లకు ఆయన పోయాడు. తెచ్చిన పురుగులూ నిలవలేదు.

ఇంగ్లీషువారి ప్రయత్నం మద్రాసు మీదుగా నడిచింది. సైనిక దుస్తుల ఎరుపు కోసం ఏటా స్పెయిన్‌కు డబ్బు కట్టడం ఈస్టిండియా కంపెనీకి కంటగింపుగా ఉండేది. మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ 1780ల చివర్లో సైదాపేటలో నాగజెముడు తోట వేయించి, పురుగు కోసం ఎదురుచూశాడు. 1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్ నుంచి కలకత్తాకు పురుగులు తెచ్చాడు. తీరా చూస్తే అవి అసలు రకం కావు, రంగు తక్కువ ఇచ్చే అడవి రకం. కంపెనీ రంగు ఆశ ఫలించలేదు.

కథ అక్కడితో ఆగలేదు. ఈ అడవి రకం పురుగు నాగజెముడును మట్టలు ఎండిపోయేదాకా పీల్చేస్తుంది. 1836–38లో దాన్ని దక్షిణాదికి తెచ్చి వదిలితే, పొలాల్ని ఆక్రమించిన ఒక జాతి నాగజెముడు తుడిచిపెట్టుకుపోయింది. కలుపును పురుగుతో అణచడంలో ప్రపంచంలో తొలి విజయంగా శాస్త్రవేత్తలు దీన్నే చెబుతారు. ఇంకో జాతి నాగజెముడు మళ్లీ విజృంభించినప్పుడు 1926లో సింహళం నుంచి మరో రకం కొచినీల్ తెచ్చారు. అదీ కొద్ది ఏళ్లలోనే పనిచేసింది. సామ్రాజ్యం రంగు కోసం తెచ్చిన పురుగు రైతు కలుపు తీసింది. ఈ వ్యాసంలో మూడోవాడికి నష్టం కాక లాభం జరిగిన ఉదంతం ఇదొక్కటే. అదీ పొరపాటున జరిగింది.

గ్వానో: పిట్టరెట్ట మీద నిలిచిన ఖజానా

పెరూ తీరానికి ఎదురుగా చించా అనే మూడు చిన్న దీవులున్నాయి. పక్కన చల్లటి హంబోల్ట్ ప్రవాహం ఉండటంతో చేపలు పుష్కలం, వాటిని తినే సముద్రపక్షులు లక్షల్లో. అక్కడ వాన దాదాపు కురవదు. అందుకే రెట్టలోని నత్రజని కొట్టుకుపోక, శతాబ్దాల తరబడి గుట్టలుగా పేరుకుంది. కొన్నిచోట్ల ఆ పొర మందం 50 మీటర్లు. ఇంకాల కాలంలోనే ఇది ఎరువు. పక్షులు పొదిగే కాలంలో దీవుల మీద అడుగు పెడితే మరణశిక్ష ఉండేదంటారు. జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ 1804లో నమూనాలు యూరప్ తీసుకుపోయాడు. 1840ల నుంచి బండకట్టిన రెట్టను గునపాలతో తవ్వి ఓడలకెత్తడం మొదలైంది. పెరూ ప్రభుత్వం గ్వానోను రాజ్యపు ఆస్తిగా ప్రకటించి, లండన్‌లోని ఆంటొనీ గిబ్స్ వంటి సంస్థల ద్వారా అమ్మింది. ధర ఎంత మండిందంటే 1850లో అమెరికా అధ్యక్షుడు ఫిల్‌మోర్ కాంగ్రెసుకిచ్చిన వార్షిక సందేశంలో పిట్టరెట్ట ధర గురించి మాట్లాడాల్సి వచ్చింది.

ఆ డబ్బుతో పెరూ 1854లో యజమానులకు పరిహారమిచ్చి బానిసత్వాన్ని రద్దు చేసింది. మెచ్చుకోవలసిన పనే. అదే కాలంలో చించా గుట్టల మీదికి చైనా కూలీలను దింపింది. 1849 నుంచి 1874 దాకా దాదాపు లక్షమంది చైనీయులు ఒప్పందపు కూలీలుగా పెరూ చేరారు. వాళ్లలో దీవులకు పడినవాళ్ల గతి అందరికన్నా హీనం. కళ్లు మండించే అమ్మోనియా వాసన, ఊపిరి ఆడనివ్వని దుమ్ము, పారిపోదామంటే చుట్టూ సముద్రం. ఇది తట్టుకోలేక కొండకొమ్ము నుంచి దూకి చచ్చిపోయినవారి గురించి ఆనాటి నావికులు రాసిపెట్టారు.

అమెరికా వేరే దారి పట్టింది. ఎవరి ఏలుబడిలోనూ లేని దీవిలో అమెరికా పౌరుడెవరైనా గ్వానో కనిపెడితే దాన్ని అమెరికా తనదిగా భావించవచ్చని 1856లో చట్టం చేసింది. పసిఫిక్, కరీబియన్ సముద్రాల్లో పదుల కొద్దీ దీవులకు ఈ లెక్కన పట్టాలు పడ్డాయి. బేకర్, హౌలండ్, జార్విస్ దీవులు ఇప్పటికీ అమెరికావే. చట్టం కూడా రద్దు కాలేదు. హైతీ తనదంటున్న నవాసా దీవిలో 1889లో నల్లజాతి కూలీలు తిరగబడి అయిదుగురు పైఅధికారులను చంపారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఆ దీవి మీద అమెరికా అధికారం చెల్లుతుందని తేల్చింది. అయితే అక్కడి పనిపరిస్థితులు విన్న అధ్యక్షుడు హారిసన్ ముగ్గురి ఉరిశిక్షలను తగ్గించాడు.

1864లో స్పెయిన్ చించా దీవులను ఆక్రమించింది. యుద్ధం చిలీకి పాకింది. స్పెయిన్ నౌకాధిపతి పరేఖా పరాభవంతో ఆత్మహత్య చేసుకున్నాడు. గ్వానో తరిగాక చూపు అటకామా ఎడారిలోని నత్రపు ఉప్పు మీదికి మళ్లింది. దాని ఎగుమతి మీద బొలీవియా 1878లో క్వింటాలుకు 10 సెంటావోలు పన్ను వేసింది. ఆ పది పైసల తగాదా 1879లో చిలీ, బొలీవియా, పెరూల మధ్య యుద్ధమైంది. బొలీవియాకు సముద్రతీరమే లేకుండా పోయింది. ఆ దేశం ఇప్పటికీ టిటికాకా సరస్సులో నౌకాదళాన్ని నడుపుతోంది. ఏటా మార్చి 23న సముద్ర దినం జరుపుకుంటుంది.

జ్వరం మందు క్వినైన్ కథ ఇలాంటిదే గాని క్లుప్తంగా చెప్పవచ్చు. దాన్నిచ్చే సింకోనా చెట్టు విత్తనాలు పరదేశాలకు పోకుండా ఆండీస్ దేశాలు నిషేధించాయి. బొలీవియాలో మాన్యుయెల్ ఇంక్రా మామాని అనే స్థానికుడు మంచి చెట్ల గింజల్ని ఏరి చార్లెస్ లెడ్జర్ అనే ఇంగ్లీషు వర్తకుడికి చేర్చాడు. 1865లో వాటిని డచ్చివారు కొని జావాలో నాటారు. 20వ శతాబ్దం మొదటికి ప్రపంచ క్వినైన్‌లో అత్యధిక భాగం జావాదే. ఆ చెట్టుకు శాస్త్రవేత్తలు లెడ్జర్ పేరు పెట్టారు. మామాని తర్వాత మరోసారి గింజలు సేకరిస్తూ పట్టుబడ్డాడు. జైల్లో తిన్న దెబ్బలకు ప్రాణాలు పోయాయి.

ఉప్పు: సుంకపు దడి

పై వాటన్నిటికన్నా పెద్ద కాపలా మన దేశంలోనే జరిగింది. మన దేశంలోనే దాదాపు ఎవరికీ గుర్తు లేదు. బెంగాలు చేతికొచ్చాక ఈస్టిండియా కంపెనీ ఉప్పు తయారీని గుత్తకు తీసుకుంది. బెంగాల్ రాజధాని (ప్రెసిడెన్సీ) పరిధిలో మణుగుకు (అక్కడి మణుగు సుమారు 37 కిలోలు) సుంకం మూడు రూపాయల పైచిలుకు పలికింది. రాజపుత్ర సంస్థానాల్లోని సాంభర్ సరస్సు ఉప్పు, పశ్చిమ తీరపు ఉప్పు అంతకన్నా చాలా చవక. చవక ఉప్పు తూర్పుకు రాకుండా మొదట దారుల మీద చౌకీలు పెట్టారు. 1840ల్లో ఆ చౌకీలను కలిపి ఒకే గీతగా చేశారు. 1870 నాటికి అది సింధు నది నుంచి ఒరిస్సాలో మహానది దాకా 2,300 మైళ్లు, అంటే 3,700 కిలోమీటర్లు, పాకింది. పన్నెండు వేల మందికి పైగా కాపలావాళ్లు దాన్ని పగలూ రాత్రీ కాసేవారు. బయటినుంచి లోపలికి వచ్చే ఉప్పు మీద, లోపలినుంచి బయటికి పోయే చక్కెర మీద సుంకం వసూలు చేసేవారు.

మనుషులు చాలలేదు. మొదట ముళ్లకంపలు పరిచారు. చెదలు తినేవి, గాలివానకు కొట్టుకుపోయేవి, నిప్పంటుకునేవి. ఏటేటా టన్నుల కొద్దీ కంప మోయలేక పచ్చి చెట్లతోనే దడి పెంచడం మొదలుపెట్టారు. 1867లో ఈ శాఖకు కమిషనర్‌గా వచ్చిన అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ దాన్ని శాస్త్రంగా మార్చాడు. నేల సారం లేనిచోట కందకం తవ్వి మంచి మట్టి నింపాడు, వరద వచ్చేచోట కట్టలు పోయించాడు, ఏ నేలకు ఏ ముల్లు పనికొస్తుందో పరీక్షలు చేయించాడు. తుమ్మ, రేగు, వాక, నాగజెముడు, ఆకుజెముడు కలగలిపి నాటారు. బాగా ఎదిగినచోట అది 12 అడుగుల ఎత్తు, 14 అడుగుల మందం. 1870ల చివరికి ఎండుకంప, పచ్చకంచె, రాతిగోడ అన్నీ కలిపి 1,500 మైళ్లకు పైగా అడ్డు లేచింది. చైనా మహాకుడ్యంతో పోల్చినవాళ్లు ఆనాడే ఉన్నారు. 1885లో కాంగ్రెసు స్థాపనకు పూనుకున్న హ్యూమ్ ఈయనే. ఆయన జీవిత చరిత్రల్లో పక్షిశాస్త్రానికి దక్కిన చోటు ఈ దడికి దక్కలేదు.

దడి ఉన్నా దొంగరవాణా ఆగలేదు. రాత్రిపూట మూటలు దడి మీదుగా విసిరి అవతలివైపు అందుకునేవారు. ఒంటెల మీద గుంపులుగా వచ్చి ఒకచోట బలవంతంగా దాటేవారు. కాపలావాళ్లు లంచాలకు లోబడేవారు, తప్పుడు కేసులూ పెట్టేవారు. పశువుల్ని మేతకు తోలడానికి కూడా రైతు మైళ్ల దూరంలోని ద్వారం దాకా నడవాల్సి వచ్చేది.

ఈ దడిని 1879 ఏప్రిల్ 1న ఎత్తేశారు. లిట్టన్ వైస్రాయిగా, జాన్ స్ట్రేచీ ఆర్థిక సభ్యుడిగా ఉన్న కాలం అది. దీన్ని సంస్కరణగా రాసుకున్నారు. తెలుగు పాఠకుడు గమనించవలసిన సంగతి దాని వెనక ఉంది. సాంభర్ సరస్సును 1870లోనే జయపూర్, జోధ్‌పూర్‌ల నుంచి కౌలుకు తీసుకున్నారు. ఉప్పు పుట్టే చోటే సుంకం కట్టించుకోవచ్చు గనక ఇక దడి అక్కర్లేదు. అయితే ఒకచోట పన్ను ఎక్కువ, ఇంకోచోట తక్కువ ఉంటే దొంగరవాణా తప్పదు. అందుకని ఉత్తరాన పన్ను కొంత తగ్గించి, అప్పటిదాకా తక్కువగా ఉన్న మద్రాసు, బొంబాయి రాజధానుల్లో పెంచారు. మద్రాసులో మణుగుకు 1 రూపాయి 13 అణాలున్న పన్ను రెండున్నర రూపాయలైంది. అప్పటికి మద్రాసు రాజధాని 1876–78 నాటి మహాక్షామంలో ఉంది. మన పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పుకున్నది దాన్నే. రాయలసీమ జిల్లాల్లో గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరి ఉన్నప్పుడు, తాము ఎన్నడూ చూడని ఉత్తరాది దడిని కూల్చే ఖర్చు వాళ్ల గంజిలోని ఉప్పు మీద పడింది. 1882లో రేటును దేశమంతటా రెండు రూపాయలకు దించారు. పన్ను పూర్తిగా పోయింది 1947లోనే.

దడి జాడను 1990ల్లో లండన్‌కు చెందిన రాయ్ మాక్సమ్ అనే గ్రంథ పరిరక్షకుడు వెతికాడు. పాత పుస్తకాల దుకాణంలో కొన్న ఒక జ్ఞాపకాల పుస్తకంలో దీని ప్రస్తావన చూసి, పాత పటాలు పట్టుకుని మూడుసార్లు ఉత్తర భారతమంతా తిరిగి, 1998లో ఉత్తరప్రదేశ్‌లోని ఎటావా జిల్లాలో, చంబల్ దగ్గర, కొన్ని రేగు, తుమ్మ చెట్లున్న మట్టికట్టను గుర్తించాడు. మిగతాచోట్ల దడి నేల చాలావరకు పొలాల్లో కలిసిపోయింది, కొన్నిచోట్ల కట్ట మీద రోడ్డు పడింది.